పావుకిలో, పాళ్లు మామూలే

స్టోన్‌హౌస్‌పేటలో మేం కాఫీ పొడి తెచ్చుకునే కొట్టు మూసేశారని ఆమధ్య మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. శెట్టిగారు పోయాక వాళ్లబ్బాయి చాన్నాళ్లే లాక్కొచ్చాడు. ఇవాళో రేపో మూసేస్తాడని అందరం అనుకుంటూనే ఉన్నాం. కానీ గింజలు వేయించే మిషన్ని పాత ఇనుము వాళ్లకి తూకానికి ఇచ్చేశారని విన్నప్పుడు నాకు మాట రాలేదు. ఆ వారమే సెలవు పెట్టి హైదరాబాదులో రైలెక్కాను. చూడ్డానికి అక్కడేం మిగల్లేదు కదా అని మా ఆవిడ అంది. నిజమే. అయినా పోవాలనిపించింది.

మా నెల్లూరికి కాఫీ మీద ఉన్న పట్టు పక్క జిల్లాల వాళ్లకి అంత తొందరగా అర్థం కాదు. మద్రాసు మాకు 170 కిలోమీటర్ల చిల్లర దూరం. 1953 దాకా రాష్ట్రం కూడా అదే. చదువులకి, కోర్టు పనులకి, బంగారానికి, కంటి ఆపరేషన్లకి అన్నిటికీ మద్రాసే పోయేవాళ్లు. పోయినవాళ్లు వస్తూ వస్తూ ఫిల్టరూ, డబరా గ్లాసులూ తెచ్చుకున్నారు. మా తాతల కాలానికే అది మా ఊరి అలవాటైపోయింది. పొద్దన్నే గొంతులో కాఫీ చుక్క పడకపోతే ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్లు కాదు.

*

మా ఇల్లు మూలాపేటలో. నాకు సైకిలు తొక్కడం వచ్చినప్పటి నుంచీ కాఫీ పొడి తేవడం నా పని. అమ్మ డబ్బులూ గుడ్డసంచీ చేతికిచ్చి, "పావుకిలో. పాళ్లు మామూలే అని చెప్పు" అనేది.

ఆ మామూలు ఏమిటో చాలా ఏళ్ల వరకూ నాకు తెలీదు. శెట్టిగారికి తెలుసు. గల్లాపెట్టె పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని, నన్ను చూడగానే "ఏం అబ్బయా, అమ్మ బాగుండాదా? తమ్ముడు బడికి పోతుండాడా?" అని అడుగుతూనే రెండు డబ్బాల్లోంచి గింజలు తీసి తక్కెట్లో పోసేవాడు. పీబెర్రీ సగం, ప్లాంటేషన్ ఏ సగం. కాఫీ పొడిలో కలిపే చికోరీ కిలోకి 150 గ్రాముల లెక్కన. అది మా ఇల్లు. మా పక్కింటి ప్లీడరుగారికి చికోరీ వాసనే పడదు, ఆయనకి ప్యూర్. ఎదురింటి హెడ్‌మాస్టారికి డెబ్బై-ముప్పై, అంటే డెబ్బై పాళ్లు కాఫీ, ముప్పై చికోరీ. ఆ ఇంట్లో పిలకాయలెక్కువ, డికాక్షన్ నల్లగా చిక్కగా దిగితేనే అందరికీ సరిపోయేది. హోటళ్ల వాళ్లకి రోబస్టా రకం గింజ పాళ్లు ఎక్కువ, పాలెన్ని పోసినా విరగని ఘాటు కావాలి కాబట్టి. ఇవన్నీ ఆయన ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. సంచీ పట్టుకుని ఎవరింటి పిల్లవాడు వచ్చాడో చూస్తే చాలు.

గింజలు మిషన్లో పడ్డాక మోటారు వేసేవాడు. తోలు పట్టా టపటపమంటూ తిరిగేది. పొడి గొట్టంలోంచి వెచ్చగా దిగేటప్పుడు నేను గల్లాపెట్టె దాటి ముందుకి జరిగేవాణ్ణి. చివర్లో చెక్కముక్కతో గొట్టాన్ని గట్టిగా కొట్టేవాడు. లోపల ఇరుక్కున్న పొడి కూడా మా పొడే కదా, అది వెనకొచ్చేవాళ్ల సంచీలోకి పోకూడదని. తర్వాత చికోరీ కలిపి, లోపల బటర్ పేపరు, పైన ఖాకీ కాగితం చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చేవాడు. ఇంటికొచ్చే దారంతా ఆ పొట్లం వేడి నా కడుపుకి తగులుతుండేది. చొక్కా లోపల పెట్టుకుని తొక్కేవాణ్ణి.

మా నాయనకి బీపీ వచ్చిన ఏడు డాక్టరు కాఫీ తగ్గించమన్నాడు. అమ్మ ఆ మాట నాతో కొట్టుకి చెప్పి పంపింది. శెట్టిగారు కాసేపు ఆలోచించి, "చికోరీ అనేది ఒక వేరు, అబ్బయా. గుజరాత్ నుంచి వస్తాది. దాంట్లో కాఫీ మత్తు ఉండదు. కొంచెం కొంచెంగా పెంచుకుంటా పోతా. నాయనకి చెప్పబాక" అన్నాడు. నెలకింత చొప్పున పెంచుతూ పోయాడు. నాయన ఓ రోజు గ్లాసు కింద పెట్టి, "ఈమధ్య శెట్టి చెయ్యి మారింది" అన్నాడు. అంతకుమించి అనలేదు. అంతా తెలిసే తాగాడని నా నమ్మకం.

*

గింజలు వేయించేది కొట్టు వెనక పెరట్లో. అక్కడ ఉండే పెద్దాయన్ని పిలకాయలం అందరం మామా అనేవాళ్లం. కోటమిట్ట దగ్గర ఇల్లు ఆయనది. నెత్తికి తువ్వాలు, మోచేతుల దాకా పొగ మరకలు. ఇనప పీపా కింద సరుగుడు కట్టెల మంట. పీపా తిరిగేది మోటారుతోనే అయినా, కరెంటు పోతే చేత్తో తిప్పడానికి ఒక పిడి కూడా ఉండేది. కరెంటు పోవడం మామూలు కాబట్టి మామకి ఆ పిడితో పని బాగానే పడేది.

పచ్చి గింజలో కాఫీ వాసన ఉండదని నాకు ఆయనే చూపించాడు. అది నీలం కలిసిన ఆకుపచ్చ, కొరికితే పన్ను విరుగుతుంది. మంట తగిలిన కాసేపటికి పసుపుకి తిరిగి ఎండుగడ్డి వాసన వస్తుంది. తర్వాత రొట్టె కాలుతున్న వాసన. అప్పుడు మొదలవుతుంది చిటపట. మొదటి చిటపట పెద్దగా ఉంటుంది. అది ఆగాక కొంతసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత సన్నగా, దగ్గర దగ్గరగా రెండోది. ఆ రెండింటి మధ్య ఎక్కడ దించాలనేదే మామ విద్య అంతా. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు. పీపాలోకి సన్నటి గొట్టం దూర్చి నాలుగు గింజలు తీసి అరచేతిలో చూసుకునేవాడు. ఒక్కసారిగా మూత తెరిస్తే గింజలు జల్లెడ పళ్లెంలోకి దూకేవి, పొట్టు గాలికి లేచి మా జుట్లనిండా పడేది.

పది కిలోలు పోస్తే ఎనిమిదిన్నర వస్తే గొప్ప. మిగిలింది నీరూ పొట్టూ అయి గాల్లో కలిసిపోతుంది. శెట్టిగారు ఆ తరుగు లెక్క వేసుకుని రేటు కట్టాలి. వేయించిన గింజని ఆ పూటే ఆడించనిచ్చేవాడు కాదు మామ. "గింజ ఊపిరి వదలాల. రేపటి దాకా ఆగు" అనేవాడు. వేయించిన గింజలోంచి గ్యాసు కొంతకాలం బయటికి వస్తూనే ఉంటుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. మామ చదువుకోలేదు, కానీ ఆయనకి తెలుసు.

నేను డిగ్రీ అయి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో రొట్టెల పండగ వచ్చింది. మామ నన్ను బారాషహీద్ దర్గాకి తీసుకుపోయి, స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టి, ఉద్యోగం రొట్టె ఇప్పించాడు. ఆ జనంలో, ఆ తడిబట్టల్లో కూడా ఆయన దగ్గర కాఫీ వాసనే వచ్చింది. ఉద్యోగం వచ్చాక రొట్టె వదలడానికి నేను పోయినప్పుడూ పక్కన ఆయనే ఉన్నాడు.

*

అమ్మ ఫిల్టరు ఇత్తడిది, లోపల కళాయి. రాత్రి పడుకోబోయే ముందు పై గిన్నెలో పొడి వేసి, గొడుగు బిళ్లతో అదిమి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టేది. చుక్కలు పడే చప్పుడు వంటింట్లోంచి పక్కల దాకా వినపడేది. నీళ్లు పెన్నా నీళ్లే కావాలి. బోరు నీళ్లతో పెడితే ఆ రుచి రాదని అమ్మ గట్టి పట్టు. మొదటి డికాక్షన్ నాయనకీ, వచ్చిన చుట్టాలకీ. రెండోది మాకూ అమ్మకీ. అమ్మ జీవితమంతా రెండో డికాక్షనే తాగింది. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

ఒకసారి ఊరెళ్లి వచ్చిన మా పిన్ని ఎక్కడో కొన్న పొడి తెచ్చింది. ప్యూర్ అన్నారంట. అమ్మ గాజుగ్లాసులో చన్నీళ్లు పోసి పైన చిటికెడు పొడి చల్లింది. కాఫీ పొడి అయితే పైన తేలుతూ ఉంటుంది. చికోరీ అయితే గోధుమరంగు చారలు దించుకుంటూ అడుక్కి పోతుంది. క్షణంలో గ్లాసంతా ఎర్రబడింది. పిన్ని మొహం చిన్నబోయిందని అమ్మ ఆ రోజంతా ఆ పొడితోనే కాఫీ పెట్టింది.

1984 తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో కూడా కరెంటు తీగలు తెగిపడ్డాయి. కొట్టులో మిషను తిరగలేదు. మామ పిడి తిప్పి వేయించాడు గానీ ఆడించేదెట్లా? శెట్టిగారు అందరికీ గింజలే తూచి ఇచ్చాడు. అటక మీంచి బల్లకి బిగించే చేతి మిషను దించి, నేనూ తమ్ముడూ వంతులేసుకుని తిప్పాం. చేతులు నొప్పులు పుట్టాయి. పొడి బరకగా వచ్చి డికాక్షన్ పల్చగా దిగింది. అయినా వీధిలో ఉన్నవాళ్లంతా మా సావిట్లోకి వచ్చి తాగారు.

*

మా జేజి ఊరు కోవూరు. పెన్నా వంతెన దాటితే వచ్చేస్తుంది. ఆ ఇంట్లో ఫిల్టరు లేదు, పంచదార రేషన్లో వచ్చిందాకే. మిగతా రోజులన్నీ బెల్లం కాఫీ. గిన్నెలో నీళ్లు మరిగించి పొడి వేసి, దించి, మూతపెట్టి, పొడి అడుక్కి దిగాక పల్చటి గుడ్డలో వడకట్టేది. ఆ వేడి డికాక్షన్లోనే బెల్లం కరగనివ్వాలి. పాలు విడిగా కాచి చివర్న పోయాలి, పొయ్యి మీద ఉండగా బెల్లంలో పాలు పడితే విరిగిపోతాయి. పొలానికి పోయేవాళ్లకి పెద్ద చెంబులో పోసి, ఆకు మూతపెట్టి పంపేది. కోతల రోజుల్లో నేను ఆ చెంబు మోసుకుని గట్ల మీద నడిచాను. మా అమ్మ ఫిల్టరు కాఫీకీ జేజి బెల్లం కాఫీకీ ఏది గొప్పంటే చెప్పలేను. జేజిది మట్టి పనిచేసే ఒంటికి కావాల్సిన కాఫీ.

*

రొట్టె పట్టుకున్న మరుసటేడు బ్యాంకులో వచ్చిన ఉద్యోగం కందుకూరులో. అప్పుడది ప్రకాశం జిల్లా. సింగరాయకొండలో రైలు దిగి బస్సెక్కాలి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970లో కొత్త జిల్లా కట్టేదాకా నెల్లూరు జిల్లావే. నా లెక్కలో కాఫీ సరిహద్దు కూడా అక్కడిదాకా ఉండేది. ఇంకా పైకి, ఒంగోలు దాటి అద్దంకి వైపు పోతే టీ బంకులు మొదలయ్యేవి. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలకి లోన్ల పని మీద పోయినప్పుడు రోజంతా టీయే.

కందుకూరు చుట్టూ పొగాకు. సీజన్లో పల్లెల్లో ఆకుని సెగబెట్టే బ్యారన్లు కాలుతుంటే రాత్రి బస్సు కిటికీలోంచి ఆకు పండుతున్న తియ్యటి వాసన కొట్టేది. రాత్రంతా బ్యారన్ దగ్గర మేలుకుని ఆకు రంగు చూసుకునే రైతుల్ని చూస్తే నాకు మామ గుర్తొచ్చేవాడు. ఎంత సేపు, ఎంత సెగ అనేది వాళ్లకీ ముక్కుతోనే తెలుస్తుంది.

నేను నెల్లూరు నుంచి పొట్లాం తీసుకుపోయేవాణ్ణి. గదిలో చిన్న స్టీలు ఫిల్టరు, కిరసనాయిలు స్టవ్. ఆదివారాలు తోటి ఉద్యోగులు వచ్చి కూర్చునేవాళ్లు. ఆఫీసుకి మాత్రం పదకొండింటికి హోటలు కుర్రాడు తీగ బుట్టలో గ్లాసులు పెట్టుకుని వచ్చేవాడు. క్యాష్ కౌంటర్ దగ్గర ఎంత జనం ఉన్నా ఆ కుర్రాడు వస్తే రైతులే పక్కకి జరిగి "సార్లు కాఫీ తాగనీండి" అనేవాళ్లు.

1994లో అనుకుంటా, ఒక శనివారం ఇంటికొస్తే కొట్టులో రేట్ల పలక తుడిచి తుడిచి రాసి ఉంది. "బ్రెజిల్లో మంచు కురిసి తోటలు మాడిపోయినాయంట" అని శెట్టిగారు అందరికీ విడివిడిగా చెప్తున్నాడు. ఆ పేరే ఎరగని మా వీధి ఆడవాళ్లు ఆ ఏడాదంతా బ్రెజిల్ని తిట్టుకున్నారు. చాలా ఇళ్లలో చికోరీ పాళ్లు పెరిగాయి. మా అమ్మ మాత్రం పాళ్లు మార్చనివ్వలేదు. సాయంత్రం కాఫీ మానేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి కాఫీ బోర్డు కట్టుబాట్లు పోయాయి. అంతకుముందు తోటల గింజంతా బోర్డుకి చేరి అక్కణ్ణించే వేలంలో బయటికొచ్చేది. 1996కల్లా రైతులు తమ పంట తామే అమ్ముకోవచ్చని అయింది. శెట్టిగారు మొదటిసారి చిక్కమగళూరు పోయి తోట చూసి వచ్చాడు. చేతిరుమాల్లో కాసిని పండ్లు తెచ్చాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ. ఒకటి చిదిమి, లోపల ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు బద్దల్ని చూపించాడు. ఇంకోటి చిదిమితే లోపల ఒంటి గింజ, గుండ్రంగా. "ఇదే మీ ఇంటి పీబెర్రీ" అన్నాడు. అన్నేళ్లు ఆ వ్యాపారం చేసి అప్పుడే ఆ పండు చూశానని చెప్తుంటే ఆయన గొంతు వణికింది.

*

ఈసారి నెల్లూరులో మా తమ్ముడి కూతురు నన్ను తిప్పింది. "పెదనాన్నా, ఇప్పుడు మనూళ్లో కూడా మంచి కాఫీ దొరుకుతుంది, రండి" అని మాగుంట లేఅవుట్లో కొత్త కెఫేకి తీసుకుపోయింది. గింజలు తూచి, అప్పటికప్పుడు ఆడించి, సన్నటి ముక్కున్న కెటిల్తో కాగితం ఫిల్టర్ మీద నీళ్లు చుట్టూ పోశాడు కుర్రాడు. అరకు గింజలంట. ఆ తూర్పు కనుమల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య పండించే అరబికాకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు పంట అన్న గుర్తింపు వచ్చింది. పాలూ పంచదారా లేకుండా తాగాను. గూడూరు నిమ్మచెక్క పిండినట్టు ఒక పులుపు తగిలి, వెనక తీపి వచ్చింది. బాగుంది. మర్యాద కోసం చెప్పడం లేదు, నిజంగా బాగుంది. మామ ఉంటే ఈ గింజని ముందే దించేశారని ఒక్క గుక్కలో చెప్పేవాడు, ఎందుకు దించారో కూడా అడిగి తెలుసుకునేవాడు.

ఆ గింజల ప్యాకెట్ మీద వేయించిన తేదీ వేశారు. అది చూసి నాకు సంతోషమైంది. సూపర్ మార్కెట్లలో ఇన్నేళ్లుగా కొంటున్న పొడి ఎప్పుడు వేయించారో ఎవరికీ తెలీదు. చికోరీ కలిపిన దాంట్లో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది రూలు, చాలా ప్యాకెట్లు ఆ గీత దాటీ దాటకుండా ఆగిపోతాయి. మా హెడ్‌మాస్టారింటి డెబ్బై-ముప్పైనే అప్పట్లో చికోరీ ఎక్కువ అనుకునేవాళ్లం.

కెఫే కుర్రాణ్ణి పొడి ఆడించి ఇస్తావా అని అడిగాను. ఇస్తానన్నాడు. "సార్, ఏ మెషిన్‌కి?" అని కూడా అడిగాడు, అదీ నచ్చింది. ఎవరు తాగుతారని మాత్రం అడగలేదు. అడగాలని అతనికి ఎవరు చెప్తారు?

ట్రంకు రోడ్డులో పాత టిఫిన్ హోటళ్లలో ఇంకా బాయిలర్ దగ్గర మాస్టర్ నిలబడి, గుడ్డసంచీ డికాక్షన్లో పాలు ఎత్తి పోస్తున్నాడు. పెద్ద గ్లాసు చాలామందికి ఎక్కువైపోయినట్టుంది, హాఫ్ కాఫీలే పోతున్నాయి. మామ పోయి చాలాకాలమైందని అక్కడే తెలిసింది. నాకెవరూ చెప్పలేదు. బల్ల పక్కనున్న ఆయన కోటమిట్ట మనిషి, మాటల్లో చెప్పాడు.

*

శెట్టిగారబ్బాయి ఇప్పుడు సంతపేటలో బంధువుల బట్టలకొట్టులో లెక్కలు చూస్తున్నాడు. నన్ను చూడగానే లేచి వచ్చాడు. మిషను గురించి నేను అడగకముందే అతనే చెప్పాడు. "అన్నా, ఎవరైనా నడుపుకుంటారేమోనని ఏడాది ఎదురుచూశా. అడిగినోళ్లు ఒక్కరూ లేరు. గోడౌన్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది." అతని మీద కోపం తెచ్చుకోవడానికి నా దగ్గర ఏం లేదు. కొట్టు నడిచిన రోజుల్లో అతను తెల్లారకముందే లేచినవాడు.

"మా ఇంటి పాళ్లు గుర్తున్నాయా?" అన్నాను.

"పీబెర్రీ సగం, ప్లాంటేషన్ సగం, నూటయాభై. నాయనగారికి బీపీ వచ్చినాక మూడొందలు. ఆయన పోయినాక అమ్మగారు మళ్లీ నూటయాభైకే వచ్చేశారు." తడుముకోలేదు.

నాయన పోయాక పాళ్లు మళ్లీ మార్చిన సంగతి నాకు తెలీదు. అమ్మ ఎప్పుడు వెళ్లి చెప్పిందో, ఎట్లా చెప్పిందో.

బట్టలకొట్టు మేడ మీద గదిలో కూర్చున్నాం. మా తమ్ముడి కూతురి నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. అతను కళ్లు మూసుకుని మా వీధి ఈ చివర నుంచి ఒక్కో గడపా చెప్పుకుంటూ వచ్చాడు. ప్లీడరుగారిల్లు, ప్యూర్, సన్నగా ఆడించాలి. హెడ్‌మాస్టారిల్లు, డెబ్బై-ముప్పై, పండగలప్పుడు ఎనభై-ఇరవై. పూజారిగారిల్లు, పీబెర్రీ ఒక్కటే, కార్తీకంలో రెట్టింపు. మేడ మీద అద్దెకున్న నర్సమ్మకి నూరు గ్రాములు, రోబస్టా ఎక్కువ, నైట్ డ్యూటీ. కొన్ని ఇళ్లు ఇప్పుడు అపార్టుమెంట్లు. కొందరి పిల్లలు ఎక్కడున్నారో మా ఇద్దరికీ తెలీదు. అయినా రాశాను. మధ్యలో కింద నుంచి ఎవరో పిలిస్తే దిగిపోయి, మళ్లీ వచ్చి, ఆపిన గడప దగ్గరే మొదలుపెట్టాడు.

మూలాపేట పూర్తయ్యేసరికి చీకటిపడింది. సంతపేట వైపు ఇళ్లు ఇంకా ఎక్కువని, రేపు పదింటికల్లా రమ్మన్నాడు. టికెట్ మార్చుకున్నాను.